సంఘానికిచ్చే కానుకకు పన్ను మినహాయింపు ఎక్కడ వస్తుంది, ఎక్కడ రాదు, ఎలా ఇవ్వాలి

ఫిబ్రవరి వచ్చిందంటే ఆరాధన అయ్యాక ఇద్దరో ముగ్గురో నా కోసం గుమ్మం దగ్గర ఆగేవారు. "వందనాలు బ్రదర్, ఈ ఏడాది మా దశమ భాగం మొత్తం ఎంతయిందో ఒక రసీదు రాసివ్వండి, ట్యాక్స్‌లో చూపించుకుంటాం" అనేవారు. మా చర్చి సంఘానికి తొమ్మిదేళ్లు కోశాధికారిగా ఉన్నాను. మొదట్లో అడిగిన వాళ్లందరికీ రాసిచ్చేశాను. డబ్బు వచ్చిన మాట నిజం, రసీదు ఇవ్వడం నా పని, అంతే అనుకున్నాను. తర్వాత మా సంఘంలోని ఒక టీచర్ సిస్టర్‌కి పన్ను శాఖ నుంచి నోటీసు వచ్చింది. నా రసీదు చూసుకునే ఆమె 80జీ కింద, అంటే విరాళాలకు మినహాయింపు ఇచ్చే ఆదాయపు పన్ను సెక్షన్ కింద, మినహాయింపు అడిగారు. మా సంఘానికి 80జీ అనుమతే లేదు. ఆమె పన్నూ వడ్డీ కట్టారు, నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడు కూర్చుని నేర్చుకున్నాను. ఆడిటర్లను అడిగాను, ఫారాలు నింపాను, డయోసిస్ (బిషప్ గారి కింద ఉండే చర్చిల ప్రాంతం) ఆఫీసుకు తిరిగాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఈ వరసలోనే చెబుతున్నాను. మీరూ ఈ వరసలోనే చేయండి.

రసీదు అడగకముందు తెలియాల్సింది

ఆదివారం చందా సంచిలో వేసేది, నెలనెలా కవర్లో పెట్టే దశమ భాగం, పుట్టినరోజుకు ఇచ్చే కృతజ్ఞత కానుక, కోత పండుగకు తెచ్చేది... మన ఊరి సంఘానికి మామూలుగా ఇచ్చే వీటిలో దేనికీ 80జీ మినహాయింపు రాదు. ఆ సెక్షన్ సేవా సంస్థల కోసం పెట్టింది. పూర్తిగానో, దాదాపు పూర్తిగానో మతానికి సంబంధించిన పనిని అది సేవ కింద లెక్కలోకి తీసుకోదు. ఒకే మతం వాళ్ల కోసం, ఒకే కులం వాళ్ల కోసం అని రాసుకున్న సంస్థకూ అది వర్తించదు. గుడి హుండీకీ మసీదు చందాకూ కూడా ఇదే నియమం. మనల్ని వేరుగా చూస్తున్నారని బాధపడే పని లేదు.

చాలామంది పొరపడేది ఇంకొక చోట. "మా సంఘం రిజిస్టర్ అయింది, ఇన్‌కమ్ ట్యాక్స్ నంబరు కూడా ఉంది" అంటారు. ఆ నంబరు సాధారణంగా 12ఏబీ రిజిస్ట్రేషన్‌ది. దానివల్ల, నియమాలు పాటిస్తే, సంఘానికి వచ్చిన కానుకల మీద సంఘం పన్ను కట్టే అవసరం ఉండదు. ఇచ్చిన మీకు మినహాయింపు రావాలంటే దానితో పాటు 80జీ అనుమతి వేరుగా ఉండాలి. ఈ రెండూ ఒకటి కాదు. నాకూ తెలియనిది ఇదే.

అయితే దారులు పూర్తిగా మూసుకుపోలేదు. మన సంఘాలు, డయోసిస్‌లు నడిపే బడులు, హాస్టళ్లు, ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు చాలాచోట్ల వేరే సొసైటీ పేరునో, ట్రస్టు పేరునో ఉంటాయి. కులమత భేదం లేకుండా అందరికీ సేవ చేసే అలాంటి సంస్థకు 80జీ అనుమతి ఉండవచ్చు. ఆ సంస్థ తన ఏడాది ఆదాయంలో 5 శాతం దాకా మతపరమైన పనికి ఖర్చు పెట్టినా అనుమతికి ఇబ్బంది లేదు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతుల కోసం, స్త్రీల కోసం, పిల్లల కోసం పెట్టిన సంస్థను ఒక కులం కోసమో మతం కోసమో పెట్టినట్టు చూడకూడదని చట్టంలోనే ఉంది. మన హాస్టళ్లకు ఈ మాట చాలా ముఖ్యం.

రెండో దారి ఇరుకు. చారిత్రక, కళా ప్రాముఖ్యం ఉన్నదనో, రాష్ట్రమంతటా పేరున్న ప్రార్థనా స్థలమనో కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన మందిరం ఉంటే, దాని మరమ్మతులకు, పునరుద్ధరణకు ఇచ్చిన డబ్బుకు 80జీ వస్తుంది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ కేథడ్రల్, విజయవాడ గుణదల మాత మందిరం మనందరికీ తెలిసినవే. కానీ మనకు తెలిసినంత మాత్రాన మినహాయింపు రాదు. ఏ మందిరమైనా సరే, "నోటిఫికేషన్ కాపీ ఉందా?" అని అడిగి చూశాకే లెక్కలో రాసుకోండి.

మొదటి పని: మీకు మినహాయింపు అక్కరకొస్తుందా చూసుకోండి

ఇక్కడే సగం మందికి పని అయిపోతుంది. 80జీ పాత పన్ను విధానంలోనే ఉంది. 2023-24 నుంచి కొత్త విధానమే అందరికీ ముందుగా వర్తిస్తుంది. మనం కోరి పాతదానికి మారితే తప్ప 80జీ లేదు. కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల రూపాయల దాకా ఆదాయం ఉన్నవారికి రిబేటు వల్ల పన్ను పడదు. ఉద్యోగస్థులకు జీతంలోంచి నేరుగా తీసేసే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిసి జీతం 12,75,000 దాకా పన్ను లేదు. మీరు ఈ లోపల ఉంటే మినహాయింపు కోసం వెతుక్కోవడం మానేయండి. మనసారా ఇవ్వండి, అక్కడితో సరి.

వ్యవసాయం మీద బతికేవారికైతే ఆ ఆదాయానికి కేంద్రం పన్నే లేదు. పిడికెడు బియ్యం తీసిపెట్టి ఆదివారం తెచ్చే తల్లులు మా సంఘంలో ఇప్పటికీ ఉన్నారు. వస్తు రూపంలో ఇచ్చినదానికి ఎవరికీ 80జీ లేదు. ఆ తల్లులకు దానితో అవసరమూ లేదు.

మరి ఎవరికి అక్కరకొస్తుంది? ఇంటి లోనుకు వడ్డీ కడుతూ, అద్దె ఇంట్లో ఉంటూ, పీఎఫ్, ఎల్‌ఐసీ నిండుగా కడుతూ పాత విధానమే లాభంగా ఉన్నవారికి. ఒక లెక్క వేసి చూద్దాం. జీతం 14 లక్షలు. సొంతూళ్లో లోను మీద కట్టుకున్న ఇల్లు ఉంది, ఉద్యోగం చేసే ఊళ్లో అద్దెకుంటున్నారు. స్టాండర్డ్ డిడక్షన్ 50,000, ఇంటి అద్దె మినహాయింపు లక్షన్నర, లోను వడ్డీ 2 లక్షలు పోతే 10 లక్షలు మిగిలింది. 80సీ (పీఎఫ్, ఎల్‌ఐసీ లాంటివి) లక్షన్నర, ఆరోగ్య బీమా 25,000 పోతే 8,25,000. వృత్తి పన్ను లాంటి చిన్నవి వదిలేస్తే, పాత విధానంలో పన్ను సెస్సుతో కలిపి 80,600. అదే మనిషికి కొత్త విధానంలో 81,900. తేడా 1,300 రూపాయలే. ఇలాంటి అంచు మీద ఉన్నవారికి కానుక లెక్క కలిస్తే పాత విధానం వైపు కాస్త మొగ్గు వస్తుంది.

ఆ మనిషి 80జీ ఉన్న హాస్టల్ సొసైటీకి 40,000 ఇచ్చారనుకోండి. అందులో సగం, 20,000, ఆదాయంలోంచి తగ్గుతుంది. 20 శాతం శ్లాబు, సెస్సు కలిపి 20.8 శాతం కాబట్టి 4,160 రూపాయలు మిగులుతాయి. 40,000 ఇస్తే 40,000 తిరిగి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఒక హద్దు కూడా ఉంది. ఇలాంటి సంస్థలకు ఇచ్చినదాంట్లో, మిగతా మినహాయింపులు పోగా ఉన్న ఆదాయంలో 10 శాతం దాకానే లెక్కలోకి వస్తుంది. ఆ 10 శాతం లెక్కకు దీర్ఘకాల మూలధన లాభాల లాంటివి కూడా తీసేయాలి. పై ఉదాహరణలో హద్దు 82,500. ఆయన లక్ష ఇచ్చినా 82,500 లోనే సగం, అంటే 41,250 తగ్గుతుంది. మిగిలింది వచ్చే ఏడాదికి తోసుకోవడం కుదరదు. అందుకే ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వాలనుకునేవారు మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత ఇస్తే రెండు ఆర్థిక సంవత్సరాల హద్దులూ కలిసొస్తాయి. హాస్టల్ పిల్లలకు జూన్‌లో ఫీజులు కట్టాలి కాబట్టి ఏప్రిల్‌లో ఇచ్చినా ఆలస్యమేమీ కాదు.

జీతం తప్ప వ్యాపార ఆదాయం లేనివారు ఏ ఏడాదికి ఆ ఏడాది రిటర్న్‌లోనే విధానం ఎంచుకోవచ్చు. అయితే రిటర్న్ గడువు లోపల వేయాలి, గడువు దాటితే పాత విధానం దక్కదు. షాపు, ప్రాక్టీసు, కాంట్రాక్టు పనులున్నవారు 10ఐఈఏ ఫారం వేసి మారాలి. ఒకసారి బయటికొచ్చి మళ్లీ కొత్తదానికి వెళ్తే, ఆ వ్యాపారం ఉన్నంతకాలం తిరిగి పాతదానికి రాలేరు. కాబట్టి వారు ఒక్క కానుక కోసం మారకండి, ఆడిటర్‌తో కూర్చుని రెండు మూడేళ్ల లెక్క చూసుకోండి.

రెండో పని: మీరిచ్చేదాన్ని రెండు కవర్లుగా విడదీయండి

నేను అందరికీ చెప్పే ముఖ్యమైన మాట ఇదే. ఆరాధనకు ఇచ్చేది ఒక కవరు, సేవకు ఇచ్చేది ఇంకో కవరు.

మందిరం కరెంటు బిల్లు, పాస్టర్ గారి జీతం, సండే స్కూలు, సువార్త సభలు, మందిర నిర్మాణం... ఇవన్నీ మొదటి కవర్లోనివి. వీటికి రసీదు తీసుకోండి, మీ లెక్కకు మంచిది. కానీ మినహాయింపు ఆశించకండి. పేద పిల్లల చదువు, ఆసుపత్రిలో పేదల మందులు, తుఫాను బాధితులకు బియ్యం, వృద్ధాశ్రమం... ఇవి రెండో కవర్లోనివి. ఈ డబ్బు సంఘం ఖాతాలో వేయకుండా, ఆ పని చేస్తున్న 80జీ సంస్థ ఖాతాకు నేరుగా పంపండి.

ఏటా 60,000 ఇచ్చే కుటుంబం అందులో 25,000 ఎలాగూ పిల్లల చదువుకో, వైద్యానికో వెళ్లాలని కోరుకుంటుంది. ఇన్నాళ్లూ ఆ మొత్తం సంఘం ఖాతా మీదుగా వెళ్లేది. ఇప్పుడు అదే 25,000 నేరుగా హాస్టల్ సొసైటీకి వెళ్తుంది. పిల్లలకు అందేది తగ్గదు, మీకు మినహాయింపు వస్తుంది. కానీ మినహాయింపు వస్తుంది కదా అని మొదటి కవరును ఖాళీ చేయకండి. చిన్న సంఘాల్లో పది కుటుంబాల దశమ భాగం మీదే పాస్టర్ గారి ఇంటి అద్దె నడుస్తుంది. నలుగురు ఉద్యోగస్థులు పన్ను చూసుకుని తమ కానుక మొత్తం వేరే సంస్థకు మళ్లిస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ మార్పు చేసే ముందు సంఘ పెద్దలతో ఒక మాట చెప్పండి.

మూడో పని: సంస్థ కాగితాలు అడగండి

దేవుని పని చేసేవాళ్లను కాగితాలు అడగడమేమిటని మొహమాటపడతారు. అడగండి. మంచి సంస్థలు సంతోషంగా చూపిస్తాయి.

అడగాల్సింది 80జీ అనుమతి ఉత్తర్వు కాపీ. దాని మీద సంస్థ పేరు, పాన్, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా చెల్లుతుందో ఉంటాయి. 2009 తర్వాత కొన్నేళ్లపాటు, ఒకసారి ఇచ్చిన అనుమతి ఎప్పటికీ చెల్లేది. 2021 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతి పోయింది. అందరూ మళ్లీ దరఖాస్తు చేసుకోవాల్సి వచ్చింది, ఇప్పుడు ప్రతి అనుమతికీ గడువుంటుంది. పాంప్లెట్ వెనక 1990ల నాటి 80జీ నంబరు అచ్చు వేసి ఉంటే దాని మీద ఆధారపడకండి.

పాన్ ఎవరిదో కూడా చూడండి. డయోసిస్ సొసైటీకి అనుమతి ఉన్నంత మాత్రాన మీ ఊరి సంఘానికి ఉన్నట్టు కాదు. డబ్బు ఏ పాన్ ఉన్న ఖాతాలో పడుతుందో, అనుమతి అదే పాన్ మీద ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్లో అనుమతి ఉన్న సంస్థలను పాన్‌తో వెతికి చూసుకోవచ్చు. ఐదు నిమిషాల పని.

నాలుగో పని: డబ్బు పంపే పద్ధతి

నగదు 2,000 రూపాయలు దాటితే మినహాయింపు అసలు రాదు. 5,000 నగదుగా ఇస్తే అందులో 2,000కైనా వస్తుందనుకుంటారు, అదీ రాదు. చెక్కు, నెఫ్ట్, యూపీఐ ఏదైనా సరే. మీ సొంత ఖాతా నుంచే వెళ్లాలి, పాన్ కూడా ఖాతా ఉన్నవారిదే ఇవ్వాలి. భర్త ఖాతా నుంచి పంపి భార్య పాన్ మీద రాయించడం తర్వాత తలనొప్పి.

యూపీఐ అన్నాను కాబట్టి ఒక మాట. ఫోన్‌పే చేసే ముందు స్క్రీన్ మీద ఎవరి పేరు వస్తుందో చదవండి. సంఘం క్యూఆర్ కోడ్ అని అతికించిన చోట చాలాసార్లు పాస్టర్ గారి సొంత పేరు వస్తుంది. ఆయన నిజాయితీ మీద అనుమానం లేకపోయినా, ఆ డబ్బు చట్టం కళ్లకు ఆయన సొంత ఆదాయంలా కనిపిస్తుంది. ఏడాది చివర లెక్క చెప్పుకోలేక ఇబ్బంది పడేది ఆయనే. సంఘం పేరు మీద ఖాతా తెరవమని కమిటీలో పట్టుబట్టండి.

డబ్బుతో పాటు నాలుగు వాక్యాల ఉత్తరం పంపండి, వాట్సాప్‌లోనైనా పర్వాలేదు, ఈమెయిల్ అయితే ఇంకా మంచిది. నేను రాసేది ఇలా ఉంటుంది: "సొసైటీ కార్యదర్శి గారికి వందనాలు. పేద విద్యార్థుల వసతి కోసం ఈ రోజు 25,000 రూపాయలు నా ఖాతా నుంచి పంపాను. నా పూర్తి పేరు, చిరునామా, పాన్ కింద ఇస్తున్నాను. దయచేసి నా పేరు మీ ఏడాది విరాళాల వివరాల్లో చేర్చి, సర్టిఫికెట్ పంపగలరు." డబ్బు పంపినందుకు గుర్తుగా బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు కూడా కింద రాస్తాను.

భవన నిర్మాణం లాంటి వాటికి పెద్ద మొత్తం ఇస్తుంటే "ఇది మూలనిధికి" అని ఉత్తరంలో స్పష్టంగా రాయండి. అలా రాసిన డబ్బును నియమాల ప్రకారం పెట్టుబడి పెడితే, ఆ ఏడాదే ఖర్చు చేయాలనే ఒత్తిడి సంస్థ మీద ఉండదు. మీ పన్నులో తేడా రాదు, వాళ్లకు మాత్రం చాలా ఉపకారం.

పేరు చెప్పకుండా ఇవ్వాలని కోరుకునేవారు మనలో చాలామంది. ఆరాధనలో సంచిలో వేసేదానికి ఆ స్వేచ్ఛ ఉంది. పూర్తిగా మతపరమైన సంస్థకు వచ్చే అజ్ఞాత కానుకల మీద పన్ను లేదు. కానీ బడికో, ఆసుపత్రికో అని పేరు లేకుండా ఇస్తే, ఒక హద్దు దాటిన మొత్తం మీద ఆ సంస్థ 30 శాతం పన్ను కట్టాల్సి రావచ్చు. కాబట్టి రెండో కవరు మీద పేరు రాయండి. మీ పేరు సంఘంలో చదవొద్దని కోశాధికారికి చెబితే సరిపోతుంది.

ఐదో పని: సర్టిఫికెట్, రిటర్న్

ఇప్పుడు మామూలు రసీదు సరిపోదు. సంస్థ తనకు వచ్చిన విరాళాల వివరాలను 10బీడీ ఫారంలో పన్ను శాఖకు పంపి, మీకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. రెండింటికీ గడువు ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే మే 31. అది ఆలస్యమైతే సంస్థకు రోజుకు 200 రూపాయలు ఫీజు పడుతుంది. చిన్న సొసైటీల్లో ఈ పని చేసే మనిషి ఒక్కరే ఉంటారు, వారికి కంప్యూటర్ రాకపోవచ్చు. మే మొదటి వారంలో ఒకసారి ఫోన్ చేసి గుర్తు చేయండి. చేతనైతే వెళ్లి పక్కన కూర్చుని సాయం చేయండి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక మీ పేరు, పాన్, మొత్తం సరిగ్గా ఉన్నాయో చూడండి. పాన్‌లో ఒక అక్షరం తప్పినా మీ విరాళం మీ పేరు మీద కనిపించదు. తప్పుంటే సంస్థ 10బీడీని సవరించి వేయవచ్చు, అందుకే జూన్‌లోనే చూసుకోవాలి.

రిటర్న్‌లో 80జీ షెడ్యూల్ తెరిస్తే విరాళాలు రకాలవారీగా విడివిడిగా ఉంటాయి. మనది సాధారణంగా 50 శాతం, హద్దు ఉన్న రకం. సంస్థ పేరు, చిరునామా, పాన్, సర్టిఫికెట్ మీది ఏఆర్ఎన్ (విరాళం గుర్తింపు) నంబరు, నగదు ఎంత, ఇతర పద్ధతిలో ఎంత అన్నవి నింపాలి. మొత్తం విరాళం రాయండి, సగం లెక్క అదే వేసుకుంటుంది. ఇలాంటి విరాళాలను ఆఫీసులో టీడీఎస్ లెక్క వేసేటప్పుడు సాధారణంగా చూడరు, కాబట్టి మార్చి జీతంలో ఎక్కువ పన్ను కోసినా టెన్షన్ పడకండి. రిటర్న్ వేశాక రీఫండ్‌గా వస్తుంది.

మీ రిటర్న్ ఇంకొకరు వేస్తుంటే, పంపే ముందు ఈ షెడ్యూల్ మీ కళ్లతో చూడండి. మీరు ఇవ్వని విరాళాలు రాసి రీఫండ్ తెప్పించి, అందులో వాటా తీసుకునేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పట్టుబడితే తప్పుడు వివరాలు ఇచ్చినందుకు ఆ పన్ను మీద 200 శాతం జరిమానా పడవచ్చు, అది కట్టేది మీరే. చెక్కు తీసుకుని కమిషన్ పోగా నగదు వెనక్కిస్తామనే వాళ్ల మాట వినను కూడా వినకండి.

2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో సెక్షన్ నంబర్లు మారాయి. 80జీ విషయం కొత్త చట్టంలో 133వ సెక్షన్లో ఉంది. జనం నోట్లో ఉన్నవి కాబట్టి నేను పాత నంబర్లే రాశాను. కాగితాల మీద కొత్త నంబర్లు కనిపిస్తే కంగారు పడకండి.

స్థలం ఇవ్వాలనుకుంటే, పెద్ద నగదు ఇవ్వాలనుకుంటే

మన ఊళ్లలో ఎన్నో మందిరాలు ఎవరో ఒక కుటుంబం ఇచ్చిన స్థలంలోనే లేచాయి. స్థలానికి 80జీ రాదు, కానీ వేరే విధంగా పన్ను కలిసొస్తుంది. స్థలం అమ్మి ఆ డబ్బు ఇస్తే ముందు మూలధన లాభం మీద పన్ను కట్టాలి, దీర్ఘకాలానికి ఇప్పుడు 12.5 శాతం. స్థలాన్నే దానంగా రాసిస్తే, దానాన్ని అమ్మకంగా చూడరు కాబట్టి ఆ పన్ను లేదు. సంఘానికి కావాల్సింది స్థలమే అయితే స్థలమే ఇవ్వండి.

నోటి మాటతో ఇవ్వకండి. దాన పత్రం రిజిస్టర్ కావాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. పుచ్చుకునేది రిజిస్టరైన సొసైటీనో ట్రస్టో అయి ఉండాలి, పాస్టర్ గారి పేరు మీద రాయకండి. తాతగారు నోటి మాటగా ఇచ్చిన స్థలం కోసం మనవలు కోర్టుకెక్కడం, మందిరానికి తాళం పడటం నేను కళ్లారా చూశాను. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే ముందు తహసీల్దారు ఆఫీసులో కనుక్కోండి, చాలా సందర్భాల్లో దాన్ని బదిలీ చేయడం కుదరదు.

నగదు విషయం. ఒక మనిషి దగ్గర ఒక రోజులో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం నిషేధం. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ప్రతిష్ఠ పండుగనాడు ప్రేమతో మూడు లక్షల కట్ట బల్ల మీద పెడితే ఆ భారం సంఘం మీద పడుతుంది. చెక్కు పెట్టండి.

పాస్టర్ గారికి వ్యక్తిగతంగా ఇచ్చే ప్రేమ కానుకకు మినహాయింపు లేదు. బంధువులు కానివారి దగ్గర నుంచి ఏడాదిలో వచ్చిన బహుమతులు మొత్తం 50,000 దాటితే ఆయనకే పన్ను వర్తిస్తుంది. కారు కొనివ్వాలని నలుగురు చందాలు వేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకుని, సంఘం పేరు మీద కొని వాడుకోవడానికి ఇవ్వండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు

భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదనను బ్యాంకు ద్వారా ఊరి సంఘానికి పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి సంఘం ఫైల్లో ఉంచండి. అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికిచ్చే కార్డు) ఉన్నా, మీరిచ్చేది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో దాని ఖాతాకే రావాలి. రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకో సంస్థకు పంపి, అక్కడి నుంచి మన సంఘానికి ఇప్పించడం 2020 సవరణ తర్వాత కుదరదు. అమ్మానాన్నల జ్ఞాపకార్థం అని తొందరపడి పంపి ఊరి సంఘాన్ని కేసుల్లో పడేయకండి.

అక్కడి పన్ను సంగతి వేరు. అమెరికాలో మీరు వెళ్లే తెలుగు చర్చికి ఇస్తే అక్కడ మినహాయింపు వస్తుంది, ఇండియాలోని సంఘానికి నేరుగా పంపితే రాదు. 250 డాలర్లు, ఆపైన ఒకేసారి ఇచ్చిన ప్రతిదానికీ రిటర్న్ వేసేలోపు చర్చి నుంచి రాతపూర్వక రసీదు ఉండాలి. 2026 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారికి కూడా నగదు కానుకల మీద ఒక్కరికి 1,000 డాలర్లు, దంపతులకు 2,000 దాకా మినహాయింపు ఉంది. బ్రిటన్‌లో గిఫ్ట్ ఎయిడ్ పత్రం మీద సంతకం చేస్తే మీ 100 పౌండ్లకు చర్చి ప్రభుత్వం నుంచి ఇంకో 25 తెచ్చుకుంటుంది. ఆ మేరకు మీరు పన్ను కట్టి ఉండాలి. 40 శాతం శ్లాబులో ఉంటే మీ రిటర్న్‌లో మీరూ 25 పౌండ్లు వెనక్కి అడగవచ్చు. దశమ భాగానికి కూడా నేరుగా కలిసొచ్చే పన్ను పద్ధతుల్లో ఇది ఒకటి. అక్కడున్నవారు ఆ పత్రం నింపకుండా వదిలేయడం నాకు చాలా బాధనిపిస్తుంది.

మీరే కోశాధికారి అయితే

రసీదు పుస్తకాలు రెండు పెట్టుకోండి, సంఘానికొకటి, సేవా సొసైటీ ఉంటే దానికొకటి. ఖాతాలు కలపకండి. సొసైటీ రసీదులో దాత పాన్‌కు ఖాళీ గడి పెట్టించండి, డబ్బు తీసుకునేటప్పుడే నింపించండి, మార్చి చివర్లో ఫోన్లు చేసి అడగడం చాలా కష్టం.

మా సంఘం రసీదు పుస్తకం అయిపోయాక కొత్తది అచ్చు వేయించేటప్పుడు అడుగున ఒక లైను పెట్టించాను: "ఈ కానుకకు 80జీ మినహాయింపు వర్తించదు." ఇద్దరు పెద్దలు అభ్యంతరం చెప్పారు, చూసినవాళ్లు ఇవ్వడం తగ్గిస్తారేమోనని. ఆ ఏడాది కానుకలు తగ్గలేదు. కొత్త పుస్తకంలో మొదటి రసీదు ఆ టీచర్ సిస్టర్ పేరు మీదే రాశాను. అదే రోజు ఆమె డయోసిస్ హాస్టల్ సొసైటీకి వేరుగా చెక్కు రాసి, పాన్ కార్డు జిరాక్స్ జతచేసి, సొసైటీ ఆఫీసులో ఇవ్వమని నా చేతికిచ్చారు.